వీపు మీది మొటిమలు, వాటి నల్లమచ్చలు: ముందు దేనిని, తరువాత దేనిని తగ్గించుకోవాలి?

వీపు మీద మొటిమలు వచ్చినవారిలో చాలామంది మందుల దుకాణానికి వెళ్లి మొదట అడిగేది మొటిమల మందు కాదు, మచ్చలు పోయే క్రీము. ఆ తొందరను తప్పు పట్టలేము. మొటిమ వారం పది రోజుల్లో ఎండిపోతుంది కానీ, అది వదిలిన గోధుమరంగు మచ్చ నెలల తరబడి నిలుస్తుంది. రవిక మెడ దగ్గరా, బనియన్ అంచు దగ్గరా బయటపడి ఇబ్బంది పెట్టేది ఆ మచ్చే. అయితే అది పైన అంటుకున్న మరక కాదు. చామనఛాయ చర్మంలో వాపు ఎక్కడ వచ్చినా అక్కడి రంగు కణాలు అవసరానికి మించి మెలనిన్‌ను తయారుచేస్తాయి. వాపు ఎంత గట్టిగా, ఎంతకాలం ఉంటే మచ్చ అంత నల్లగా, అంత లోతుగా పడుతుంది. కాబట్టి కొత్త మొటిమలు వస్తున్నంత కాలం మచ్చల క్రీము ఎంత ఖరీదైనదైనా పాత మచ్చ పలచబడేలోగా దాని పక్కనే కొత్తది పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొటిమలకే కేటాయించాను. మచ్చల మాట చివర వస్తుంది, మీరు కూడా అదే వరుసలో వెళ్లడం మంచిది.

మొదటి అడుగు: అవి మొటిమలేనా అని తేల్చుకోండి

ముఖాన్ని రోజూ చూసుకుంటాం కానీ వీపును చూసుకోము. అందుకే వీపు మీద ఏ పొక్కు వచ్చినా మొటిమ అనుకోవడం సులువు. గోడ అద్దానికి వీపు పెట్టి నిలబడి, చేతిలో చిన్న అద్దం పట్టుకుని చూడండి, లేదా ఇంట్లోవారి చేత పగటి వెలుతురులో ఒక ఫోటో తీయించుకోండి. నిజమైన మొటిమలైతే అన్నీ ఒకేలా ఉండవు. నల్లని చుక్కలా మూసుకుపోయిన రంధ్రాలు, తెల్లని చిన్న బుడిపెలు, ఎర్రటి పొక్కులు, చీము తలలు, కొందరిలో చర్మం అడుగున నొప్పెట్టే గడ్డలు కలిసి కనిపిస్తాయి. వెంట్రుక కుదురు నోరు మృతకణాలతో మూసుకుపోయి, లోపల నూనె నిలిచి, అక్కడ నివసించే బాక్టీరియా పెరిగి, దాని మీద శరీరం వాపుతో స్పందించడం వల్ల ఒకే వీపు మీద మొటిమలు వేర్వేరు దశల్లో ఉంటాయి.

అలా కాకుండా అన్నీ ఆవగింజంత, ఒకే పరిమాణంలో ఉండి, నల్లచుక్కలు ఒక్కటీ లేకుండా, చెమట పట్టినప్పుడు విపరీతంగా దురద పెడుతుంటే అవి మలసీజియా అనే శిలీంధ్రం వల్ల వచ్చిన పొక్కులు కావచ్చు. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన కోస్తా ఊళ్లలో ఇవి అరుదేమీ కాదు. వీటిని మొటిమలని పొరబడి యాంటీబయాటిక్ మాత్రలు వాడితే తగ్గకపోగా పెరుగుతాయి, ఎందుకంటే ఆ మందు చర్మం మీది బాక్టీరియాను తగ్గించి శిలీంధ్రానికి చోటిస్తుంది. ఇలాంటి వాటికి 2 శాతం కీటోకోనజోల్ షాంపూను వీపుకు రాసి, అయిదు నిమిషాలు ఉంచి కడగడం వంటి పూర్తిగా వేరే చికిత్స అవసరం. వేసవిలో రెండు మూడు రోజుల్లోనే వీపంతా పొడుచుకుని వచ్చి, చల్లని గదిలో ఉంటే తగ్గిపోయేవి చెమటకాయలు. ఒకటో రెండో పెద్దగా, వేడిగా, తాకనివ్వనంత నొప్పితో లేస్తే అది సెగగడ్డ. అవి పదే పదే వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. పొక్కు లేకుండా చదునుగా, సన్నని పొట్టుతో తెల్లగానో గోధుమరంగులోనో కనిపించేవి శోభి మచ్చలు, వాటికీ మొటిమలకూ సంబంధం లేదు.

ఇక్కడే మరో ప్రశ్న వేసుకోండి: ఈ పొక్కులు రావడానికి కొన్ని వారాల ముందు మీరు ఏమైనా కొత్త మందు మొదలుపెట్టారా? స్టెరాయిడ్ మాత్రలు, కండలు పెరగడానికి వ్యాయామశాలల్లో చాటుగా తీసుకునే ఇంజెక్షన్లు, క్షయకు వాడే ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, మానసిక వైద్యులిచ్చే లిథియం, వీటిలో ఏదైనా వీపునిండా పొక్కులు తేగలదు. కండల ఇంజెక్షన్లను వెంటనే మానేయవలసిందే కానీ, తక్కినవి డాక్టరు రాసిన మందులైతే మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరుకే చెప్పండి.

ఇంతకంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టేది పైపూత స్టెరాయిడ్ల సంగతి. తామరకు, దురదకు, మొటిమకు, మచ్చకు అన్నిటికీ ఒకటే అంటూ అమ్మే మిశ్రమ క్రీము గొట్టం ఇవాళ్టికీ ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది. గొట్టం మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ వంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. రాసిన నాలుగు రోజులు వాపు తగ్గి చర్మం తేటపడినట్టు కనిపిస్తుంది. తరువాత చర్మం పలచబడి, చారలు పడి, ఆపగానే మొటిమలు రెట్టింపుగా లేస్తాయి. ఈ దుర్వినియోగం వల్లనే కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి చేర్చింది. అలాంటిది ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నట్టయితే ఒక్కసారిగా ఆపకుండా, దాన్ని ఎలా తగ్గించాలో చర్మవైద్యుణ్ణి అడిగి ఆ తరువాతే కింది అడుగులు మొదలుపెట్టండి.

రెండో అడుగు: వీపును రోజూ రెచ్చగొట్టేవాటిని తీసేయండి

మురికి వల్ల మొటిమలు రావు. వీపును గట్టిగా తోమకపోవడం వల్ల వచ్చాయనే మాట పెద్దలు అన్నా పట్టించుకోవద్దు. పీచుతో, రాయితో, నైలాన్ వలతో రుద్దినకొద్దీ కుదుళ్ల గోడలు చిట్లి వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే మచ్చ పెరుగుతుంది. సున్నిపిండి మెత్తగా జల్లించినదైతే మామూలు చర్మానికి హాని లేదు కానీ, మొటిమలున్న వీపు మీద గరుకు పిండితో నలుగు పెట్టించుకోవడం మాత్రం మానుకోండి. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ నలుగు వేడుక తప్పదు కాబట్టి, ఆ రోజున చేతులకూ కాళ్లకూ పెట్టి, వీపును తాకించి వదిలేయమని పెద్దముత్తయిదువకు ముందే చెప్పుకోవచ్చు.

నూనె సంగతి మన ఇళ్లలో చాలా ముఖ్యమైనది. తలకు కొబ్బరినూనె రాసుకుని జడ వేసుకున్నవారి వీపు మధ్యలో జడ తగిలే చోటే మొటిమలు బారుగా ఉండటం మీరు గమనించే ఉంటారు. నూనె మానేయమని అనడం లేదు. తలంటుకు ఒక గంట ముందు రాసుకుని కడిగేయండి, రాత్రంతా ఉంచుకుని పడుకోకండి, పడుకునేటప్పుడు జడను ముడి వేసుకోండి, దిండు గలీబును వారానికి రెండుసార్లు మార్చండి. శరీరానికి నూనెతో మర్దన చేయించుకునే అలవాటుంటే వీపు పైభాగాన్ని కొన్ని నెలలు వదిలేయమనండి.

స్నానంలో వరుస కూడా మార్చాలి. షాంపూ, కండీషనర్ నురగ వీపు మీదుగా జారి అక్కడే మిగిలిపోతుంది. అందుకే ముందు తల కడిగి, జుట్టును పైకి ముడి వేసి, చిట్టచివర వీపును కడగండి.

రాపిడి మరో కారణం. కాలేజీకి పుస్తకాల సంచి, ఆఫీసుకు ల్యాప్‌టాప్ సంచి వీపుకు తగిలించుకుని బండి మీద గంట సేపు ఎండలో వెళ్లేవారికి పట్టీలు ఒరుసుకునే చోట, వెన్ను మధ్యలో చెమట నిలిచే చోట మొటిమలు గుంపుగా లేస్తాయి. సంచిని బండి మీద ముందు పెట్టుకోవడమో, భుజానికి వేలాడే సంచికి మారడమో చేయండి. పాలియెస్టర్ చొక్కాలు, ఒంటికి అతుక్కునే వ్యాయామ దుస్తుల బదులు వదులైన నూలుబట్టలు వేసుకోండి. చెమట పట్టాక అరగంటలోపు స్నానం చేయండి. కుదరకపోతే తడి తువ్వాలుతో అద్ది, పొడి బనియన్ మార్చుకున్నా కొంత మేలే.

ఆహారం విషయంలో నా మాట క్లుప్తంగా చెబుతాను. వేడి చేసిందని ఆవకాయను నిందించడానికి ఆధారం లేదు. రక్తంలో చక్కెరను వేగంగా పెంచే తీపి పానీయాలు, మిఠాయిలు, మైదా తిండి, వ్యాయామం చేసేవారు తాగే వే ప్రొటీన్ మాత్రం కొందరిలో మొటిమలను పెంచుతాయి. వాటిని మూడు నెలలు తగ్గించి చూడండి. తేడా కనిపించకపోతే ఆ మార్గాన్ని వదిలేయండి.

మూడో అడుగు: కడిగే మందుతో మొదలుపెట్టండి

వీపు చర్మం ముఖం కంటే మందం, విస్తీర్ణం పెద్దది, చేయి అందదు. ఈ మూడు ఇబ్బందులకూ సరిపడే మందు కడిగే రూపంలో దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది కుదురులోని బాక్టీరియాను చంపుతుంది, యాంటీబయాటిక్‌లలా దీనికి బాక్టీరియా అలవాటు పడదు. 4 లేదా 5 శాతం ఉన్న వాష్ చాలు. శాతం పెరిగితే గుణం కూడా అంతే పెరుగుతుందనుకోకండి, మంటా పొట్టూ మాత్రం తప్పకుండా పెరుగుతాయి.

వాడే పద్ధతి ఇది. ముందుగా భుజం దగ్గర రూపాయి బిళ్లంత చోట రెండు మూడు రోజులు రాసి కడిగి చూడండి. వాపు, బొబ్బలు, తీవ్రమైన దురద వస్తే అది మీకు సరిపడదు. ఏమీ కాకపోతే తల స్నానం ముగించి, వీపు తడిగా ఉండగా మందును పల్చగా పట్టించి, రెండు నుంచి అయిదు నిమిషాలు ఆగండి. బకెట్ స్నానమైతే ఆ అయిదు నిమిషాల్లో పళ్లు తోముకోవచ్చు, గడ్డం గీసుకోవచ్చు. పట్టించిన వెంటనే నీళ్లు పోసేసుకోవడం వల్లనే ఎక్కువమందికి ఇది పనిచేయలేదనిపిస్తుంది. తరువాత ఒక్క నురగ చుక్క కూడా మిగలకుండా కడిగేయండి, ఎందుకంటే ఈ మందు బట్టల రంగును తినేస్తుంది. తువ్వాలు, బనియన్, దుప్పటి తెల్లవి వాడకపోతే నెల తిరగకుండా ఇంట్లో గొడవ తప్పదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆ తరువాత రోజుకొకసారి చాలు. స్నానం తరువాత వీపు బిగుసుకున్నట్టు అనిపిస్తే నూనె లేని, రంధ్రాలను మూయదని గొట్టం మీద రాసి ఉన్న తేమ లోషన్ రాయండి.

ఈ సీసాను ఎండలో ఉన్న బండి డిక్కీలోనో, వంటింటి పొయ్యి పక్కనో పెట్టకండి. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విచ్ఛిన్నమై హానికరమైన బెంజీన్ ఏర్పడగలదు కాబట్టి చల్లని చోట ఉంచి, గడువు తేదీ దాటగానే పారేయాలి.

నల్లచుక్కలు మాత్రమే ఎక్కువగా ఉండి ఎర్రటి పొక్కులు తక్కువగా ఉన్నవారు దీని బదులు 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్న వాష్‌తో మొదలుపెట్టవచ్చు. ఇది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగుతుంది, కానీ చీము మొటిమల మీద దీని బలం తక్కువ.

నాలుగో అడుగు: రాత్రికి పూత మందు

కడిగే మందు ఇప్పటికే ఉన్న మొటిమలను తగ్గిస్తుంది. రంధ్రం మూసుకుపోకుండా చూసి కొత్త మొటిమను పుట్టకుండా ఆపేవి రెటినాయిడ్లు. వాటిలో అడపలిన్ 0.1 శాతం జెల్ సున్నితమైనది, బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి వాడినా చెడిపోదు, పైగా రాబోయే మచ్చల అడుగుకు కూడా ఉపయోగపడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువారు దీన్ని 2016 నుంచి చీటీ లేకుండానే కొనుక్కోగలుగుతున్నారు. ఇక్కడ డాక్టరుకు చూపించి రాయించుకోండి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు దీన్ని వాడకూడదు.

ఎంత రాయాలనేది ఎవరూ చెప్పని విషయం. గొట్టం నుంచి చూపుడువేలి చివరి గీత నుంచి కొన వరకు పిండిన మందు దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. భుజాలు, వీపు పైసగం కప్పడానికి అలాంటివి సుమారు మూడు కావాలి, అంటే రాత్రికి ఒకటిన్నర గ్రాము. ఈ లెక్కన 15 గ్రాముల గొట్టం పది రోజుల్లో అయిపోతుంది. ఒకే గొట్టాన్ని రెండు నెలలు లాగినవారికి ఫలితం ఎందుకు రాలేదో దీన్ని బట్టి అర్థమవుతుంది. ఖర్చు భారమైతే మొటిమలు ఎక్కువగా వచ్చే భాగాన్ని మాత్రమే ఎంచుకుని అక్కడ సరిపడా రాయడం, వీపంతా చాలీచాలకుండా రాయడం కంటే మేలు. మొటిమ ఉన్న చుక్క మీదే కాక ఆ ప్రాంతమంతా రాయాలనేది గుర్తుంచుకోండి, ఎందుకంటే రేపటి మొటిమ ఈ రోజు కంటికి కనిపించదు.

చేయి అందని చోటికి ఇంట్లోవారి సాయం అడగడమే అన్నిటికంటే సులువు. హాస్టల్లో ఒంటరిగా ఉండేవారు పొడవు పిడి ఉన్న లోషన్ పూత కర్ర కొనుక్కోవచ్చు. లేదా వెడల్పాటి ప్లాస్టిక్ అట్లకాడకు పలచని ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద మందు పెట్టి, భుజం మీదుగా పై నుంచీ నడుము మీదుగా కింది నుంచీ రాసుకుని, కవరును పారేయవచ్చు. వీపు పూర్తిగా ఆరాక, స్నానమైన పావుగంటకు రాయండి. తడి మీద రాస్తే మండుతుంది.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాసి, చర్మం ఓర్చుకుంటే ప్రతి రాత్రికి పెంచండి. రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య మొటిమలు కాస్త పెరిగినట్టు కనిపించవచ్చు, పొట్టు లేవవచ్చు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. పచ్చిగా ఊడి రసి కారితే తప్ప ఆపకండి, అవసరమైతే మూడు రోజులకొకసారికి తగ్గించి కొనసాగించండి. ఈ మందు వాడుతున్నంతకాలం వీపుకు వ్యాక్సింగ్, బ్లీచింగ్ చేయించుకోవద్దు. పైపొర ఊడి వచ్చి, మొటిమ కంటే నల్లని మచ్చ పడుతుంది.

ముఖంతో పాటు వీపు, ఛాతీ మీది మొటిమల మీద కూడా ప్రత్యేకంగా పరీక్షించిన ట్రైఫరోటిన్ అనే మరో రెటినాయిడ్‌కు 2019లో అమెరికా ఔషధ సంస్థ అనుమతినిచ్చింది. అడపలిన్ పనిచేయనప్పుడు డాక్టరుతో దాని గురించి మాట్లాడవచ్చు.

అయిదో అడుగు: పన్నెండు వారాలు ఆగండి, ఆగకూడని చోట ఆగకండి

మొదలుపెట్టిన రోజున ఒక ఫోటో, ఆ తరువాత రెండు వారాలకొకటి, అదే గదిలో, అదే వెలుతురులో, అదే దూరం నుంచి తీయించుకోండి. రోజూ తడిమి చూసుకునేవారికి మార్పు తెలియదు, తడమడం గిల్లడంగా మారుతుంది కూడా. ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొత్తవి తగ్గడం మొదలవుతుంది. తీర్పు చెప్పవలసింది పన్నెండో వారంలో.

కొన్ని పరిస్థితుల్లో మాత్రం ఈ పన్నెండు వారాలు వృథా చేయకుండా నేరుగా చర్మవైద్యుణ్ణి కలవాలి: చర్మం అడుగున గోళీకాయంత గడ్డలు లేస్తున్నప్పుడు, మానిన చోట గుంటలు గానీ గట్టి బుడిపెలు గానీ మిగులుతున్నప్పుడు, మొటిమలతో పాటు జ్వరం, కీళ్లనొప్పులు వచ్చినప్పుడు. ఆడవారిలో నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే అండాశయాల్లో నీటి తిత్తుల సమస్య ఉందేమో చూడాలి. అలాంటివారికి హార్మోన్లను సరిచేసే మాత్రలతో పైపూతల కంటే ఎక్కువ మేలు జరగవచ్చు.

డాక్టరు ఏమి రాయవచ్చో తెలిసి ఉంటే ప్రశ్నలు అడగడం తేలిక. వీపు మొటిమలకు తరచుగా రాసే యాంటీబయాటిక్ మాత్ర డాక్సీసైక్లిన్. దీన్ని నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట వరకు పడుకోకూడదు, లేకపోతే గొంతు గొట్టంలో పుండు పడుతుంది, ఎండకు చర్మం త్వరగా కందుతుంది, గర్భిణులకు పనికిరాదు. సాధారణంగా మూడు నెలలకు మించి వాడరు, పైన చెప్పిన బెంజాయిల్ పెరాక్సైడ్‌ను దీనితో పాటు తప్పక కొనసాగించాలి. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ పూతనైనా అంతే, ఒంటరిగా వాడితే బాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది.

వీటికి లొంగనివాటికీ, మచ్చగుంటలు చేసే గడ్డలకూ ఐసోట్రెటినాయిన్ అనే మింగే మందు ఉంది. ఇది శరీర బరువును బట్టి లెక్కించే మందు: మొత్తం కోర్సులో కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాములు చేరేలా ఇస్తారు. 60 కిలోల మనిషికి కనిష్ఠంగా 7,200 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది నెలలు. పెదవులు ఎండిపోవడం దాదాపు అందరికీ ఉంటుంది. కాలేయం, కొవ్వు పరీక్షలు మధ్యలో చేయించాలి. గర్భంలోని శిశువుకు ఇది తీవ్రమైన అవకరాలు తెస్తుంది కాబట్టి, వాడుతున్నంతకాలం, ఆపిన తరువాత ఒక నెల వరకు గర్భం రాకుండా గట్టి జాగ్రత్త తీసుకోవాలి. ఆ కాలంలో రక్తదానం కూడా చేయకూడదు. స్నేహితురాలికి పనిచేసిందని మాత్రల అట్ట అరువు తెచ్చుకుని మింగే మందు కాదిది.

ఆరో అడుగు: ఇప్పుడు మచ్చలు

కొత్త మొటిమలు నెలకు ఒకటి రెండుకు తగ్గాక మచ్చల వైపు తిరగండి. మొదట వేలితో తడమండి. చదునుగా ఉంటే అది రంగు మచ్చ, కాలక్రమాన తగ్గుతుంది. గుంటగా ఉన్నా, ఉబ్బి గట్టిగా ఉన్నా అది మానిన గాయపు ఆనవాలు. ఏ క్రీమూ దాన్ని చదును చేయదు. భుజాల మీద, వీపు పైభాగంలో గట్టి బుడిపె మొటిమ కంటే పెద్దదిగా పెరుగుతూ దురద పెడుతుంటే అది కీలాయిడ్. దాన్ని కోయించుకోవడం, కాల్పించుకోవడం చేస్తే ఇంకా పెద్దది కావచ్చు. చర్మవైద్యులు దానిలోపలికే చిన్న మోతాదు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొన్ని వారాలకొకటి చొప్పున ఇచ్చి కుదిస్తారు.

రంగు మచ్చల్లోనూ రెండు రకాలున్నాయి. గోధుమరంగువి పైపొరలోనివి, కొన్ని నెలల్లో వాటంతటవే పలచబడతాయి, మందు ఆ వేగాన్ని పెంచుతుంది. బూడిద లేదా నీలి ఛాయ ఉన్నవి లోతుగా దిగినవి; వాటికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు, పూతల ప్రభావం కూడా తక్కువ.

రాత్రి అడపలిన్‌ను అలాగే కొనసాగించండి, అది పైపొర కణాలను త్వరగా మార్చి మచ్చను కూడా పలచబరుస్తుంది. పగటిపూటకు అజెలాయిక్ ఆమ్లం, 10 శాతం జెల్ లేదా 20 శాతం క్రీము, నా ఎంపిక. ఇది మొటిమకూ మచ్చకూ రెండిటికీ పనిచేస్తుంది, అతిగా చురుకైన రంగు కణాలను అణచి మామూలు చర్మాన్ని తెల్లబరచదు, గర్భిణులకు కూడా డాక్టర్లు రాస్తారు. మరో విచిత్రం: శోభి మచ్చలకు కారణమైన మలసీజియా శిలీంధ్రం తయారుచేసే పదార్థమే ఈ ఆమ్లం. మొదటి వారం చీమ కుట్టినట్టు చిటపటలాడుతుంది, తరువాత అలవాటవుతుంది. అది దొరకకపోతే 4 లేదా 5 శాతం నయాసినమైడ్ లోషన్ వాడండి. గుణం నెమ్మదైనా వీపంతా రాసుకోవడానికి చవక.

ఎండ తగిలిన మచ్చ నల్లబడుతుంది. వీపుకు అన్నిటికంటే మంచి సన్‌స్క్రీన్ చొక్కాయే. వెనుక మెడ లోతుగా ఉన్న రవిక వేసుకుని పగలు బయటికి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, జిడ్డులేని సన్‌స్క్రీన్‌ను పావుగంట ముందు రాసి, పైట కప్పుకోండి.

నిమ్మరసం మాత్రం పొరపాటున కూడా రాయవద్దు. నిమ్మజాతి రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి, మీరు పోగొట్టుకోవాలనుకున్న మచ్చ కంటే ఘోరమైన మరక మిగులుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా కూడా ఆ కోవకు చెందినవే. పసుపు, వేపాకు ముద్దల వల్ల చాలామందికి నష్టం లేదు, కానీ వాటిని నమ్ముకుని గడ్డలు లేస్తున్న వీపుకు ఆరు నెలలు మందు లేకుండా గడపడమే అసలు నష్టం.

హైడ్రోక్వినోన్ మచ్చలను త్వరగా తేల్చే మందే అయినా, అది డాక్టరు కనుసన్నల్లో కొద్ది నెలలు వాడి ఆపవలసినది. సొంతంగా ఏళ్ల తరబడి రాసుకున్నవారిలో తిరిగి పోని నీలినలుపు మచ్చలు పడతాయి. దానిని స్టెరాయిడ్, ట్రెటినాయిన్‌లతో కలిపిన మూడు మందుల క్రీము ముఖం మీది మంగు మచ్చలకు కొద్ది వారాలపాటు ఉద్దేశించినది, వీపు నిండా రాసుకునేది కాదు.

పూతలతో ఆరు నెలల్లో చాలినంత మార్పు రాకపోతే క్లినిక్‌లో సాలిసిలిక్ లేదా గ్లైకోలిక్ ఆమ్లంతో పీలింగ్, అంటే చర్మపు పైపొరను ఊడదీయడం, చేయించుకోవచ్చు. దీనికి అనేక విడతలు పడతాయి, విడతల మధ్య కొన్ని వారాల విరామం ఉంటుంది. లేజర్ల విషయంలో తొందరపడకండి. చామనఛాయ చర్మం మీద వేడి ఎక్కువైతే లేజరే కొత్త మచ్చ పెడుతుంది. చేసేవారికి మన రంగు చర్మం మీద అనుభవం ఉందో లేదో అడిగి, ముందు చిన్న చోట పరీక్షించమనండి.

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవారు వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మొటిమలు అదుపులోకి రావడానికి మూడు నెలలు, గోధుమరంగు మచ్చలు పలచబడటానికి మరో మూడు నుంచి ఆరు నెలలు. అంటే మాఘమాసపు పెళ్లికి అదే తెలుగు సంవత్సరపు చైత్ర వైశాఖాల్లోనే మొదలుపెట్టాలి. నెల రోజులే మిగిలి ఉంటే కొత్త మందేదీ మొదలుపెట్టకండి, బ్యూటీపార్లరులో బాడీ పాలిషింగ్ చేయించుకోకండి. మచ్చలను ఆ రోజుకు మేకప్‌తో కప్పవచ్చు కానీ, ఊడిన చర్మాన్ని కప్పలేరు. అప్పటికి నొప్పెట్టే గడ్డ ఏదైనా మిగిలి ఉంటే చర్మవైద్యులు దానిలోకి పలచని స్టెరాయిడ్ సూది వేస్తే రెండు మూడు రోజుల్లో అణుగుతుంది.

వీపు శుభ్రపడ్డాక మందులన్నీ ఒక్కసారి మానేస్తే రెండు మూడు నెలల్లో మళ్లీ మొదలవుతాయి. అడపలిన్‌ను వారానికి రెండు మూడు రాత్రులకు, బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్‌ను వారానికి రెండుసార్లకు తగ్గించి ఏడాదిపాటైనా కొనసాగించండి. ఉక్కపోత మొదలయ్యే మార్చి నెల నుంచి తొలకరి దాకా వాష్‌ను మళ్లీ రోజుకొకసారికి తెచ్చుకోండి.